కంపెనీ గుడ్డ బొంత

ఇప్పుడు బాగానే ఉన్నాను. నీళ్ల బిందె చంకన పెట్టుకుని మధ్యలో దించకుండా ఇంటికి వస్తున్నాను. కదిలిన బస్సు వెనక నాలుగడుగులు ఉరకగలుగుతున్నాను. ఎవరితోనైనా పోట్లాట పెట్టుకుంటే చివరిదాకా పోట్లాడగలుగుతున్నాను. ఈ మూడోది చిన్న సంగతి కాదు. ఆయాసం ఉన్న మనిషి ఎంత న్యాయం తనవైపున్నా మాట మధ్యలో ఆగి దగ్గుతుంది, అవతలివాళ్లు గెలిచి వెళ్లిపోతారు. ఓపిక వచ్చింది కాబట్టి ఇది రాస్తున్నాను. కొంత నా మనసు కుదుటపడటానికి, కొంత మా వైపు ఇళ్లలో ఇంకా ఆ తెల్ల గుడ్డ వాడుకుంటున్న ఆడవాళ్లకోసం.

మా పుట్టిల్లు కొత్తకోట దగ్గర ఒక పల్లె. గొర్లు మేపుకునే ఇల్లు. కరోనా పోయిన మరుసటి ఏడాది నన్ను చిట్యాల దగ్గరి ఊరికిచ్చారు. రెండూ పెద్ద రోడ్డు పక్క ఊళ్లే, కాకపోతే ఒకటి బెంగుళూరు రోడ్డు, ఇంకొకటి విజయవాడ రోడ్డు. హైదరాబాదులో దిగి బస్సు మారాలి. "గంత దూరమిచ్చి నేనెట్ల సూసుకోవాలె బిడ్డను" అని అమ్మ ఏడ్చింది. నాయిన మాత్రం కనిపించినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. "పిల్లగాడు కంపెనీల పనిజేస్తడు. రేపో మాపో పర్మనెంటు అయితడు. మన లెక్క ఎండల గొర్ల ఎంబడి తిరిగేది లేదు."

మా ఆయన పేరు యాదగిరి. పని మందుల కంపెనీలో. అక్కడ మాత్రలు చేయరు, మాత్రల్లోకి పోయే పొడి చేస్తారు. మనిషి మాట్లాడేది తక్కువ. నేను ఇద్దరి మాటలు ఒక్కదాన్నే మాట్లాడతాను. షిఫ్టు దిగి వచ్చి గడప దగ్గర మెట్టు మీద కూర్చుని నేను చెప్పేదంతా వినేవాడు. అంతా అయ్యాక "మంచిగున్నది" అనేవాడు. పక్కింటి బర్రె చచ్చిపోయిందని చెప్పినా అదే మాట. ఏం మంచిగున్నదో ఆయనకే తెలియాలి.

ఆయన చొక్కా దగ్గర చేదు మందు వాసన ఉండేది. పెళ్లయిన కొత్తలో ఆ వాసన నాకు మహా ఇష్టం. ఇందులో సిగ్గెందుకు? పొద్దంతా కొత్త ఊళ్లో కొత్త మనుషుల మధ్య గడిపి, సాయంత్రం ఆ వాసన వాకిట్లోకి రాగానే నా ప్రాణం లేచి వచ్చేది.

*మొదటి చలికాలం*

ఆ కంపెనీలో పొడిని మందమైన తెల్ల గుడ్డలో వడపోస్తారు. కొన్నాళ్లకు గుడ్డ పాతబడితే మారుస్తారు. పాతవి పడేసే చోట నుంచి పనివాళ్లు ఇంటికి తెచ్చుకునేవారు. గుడ్డ గట్టిది, ఎన్నేళ్లయినా చిరగదు, ఉతికితే తళతళలాడుతుంది. మా వాడకట్టులో ఆ గుడ్డ లేని ఇల్లు లేదు. దాని మీద వడియాలు పెట్టేవారు, పచ్చడి జాడీలకు వాసెన కట్టేవారు, కిటికీకి పరదా చేసేవారు, మెత్తలకు గలీబులు కుట్టేవారు. ఎవరి మొగుడు పెద్ద ముక్క తెస్తే ఆమెది ఆ వారం పెద్దరికం.

మా అత్తమ్మ దానితో బొంత కుట్టింది. పైన, కింద తన పాత చీరలు, నడుమ పొరలు పొరలుగా కంపెనీ గుడ్డ. పొలం పని లేని మధ్యాహ్నాలన్నీ ఎండలో కూర్చుని ఎర్ర దారంతో కుట్టింది. బతుకమ్మ పండుగ అయిపోయి చలి మొదలుకాగానే తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"మీ ఇంట్ల గొంగళ్లు గప్పుకున్న పిల్లవు. గవి గరుకు. గిది గప్పుకో, ఎంత మెత్తగుంటదో సూడు."

మా అమ్మ కూడా నాకోసం అంత కష్టపడి ఏమీ కుట్టలేదని ఆ రోజు నవ్వుతూ అన్నాను. అత్తమ్మ ముఖం వెలిగిపోయింది. ఆ బొంత కిందే మా ఇద్దరి మొదటి చలికాలం గడిచింది. నా జీవితంలో అంత వెచ్చటి రోజులు మళ్లీ వస్తాయో రావో.

సంక్రాంతి దాటకముందే తుమ్ములు మొదలయ్యాయి. తర్వాత గొంతులో గరగర, తర్వాత దగ్గు. ఒకరోజు తెల్లవారి లేచేసరికి ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుంది. ఊపిరి లోపలికి పోతోంది గాని బయటికి రావడం లేదు. మా ఆయన వీపు రాస్తూ దగ్గరికి తీసుకున్నాడు. ఆయన ఎంత దగ్గరికి తీసుకుంటే నాకు అంత ఎక్కువైంది. అప్పుడు మాకిద్దరికీ అది తట్టలేదు.

కరోనా భయం ఇంకా మనుషుల్లో ఉంది. నేను దగ్గితే చాలు, కిరాణా కొట్టులో ఉన్నవాళ్లు పక్కకు జరిగేవారు. నల్లగొండ దవాఖానలో పరీక్షలన్నీ చేసి, పొయ్యి పొగ వల్ల కావచ్చన్నారు. పీల్చే మందు ఇచ్చారు. అక్కడ బెంచీ మీద నా పక్కన ఒక ముసలామె కూర్చుంది. తన చీటీ పిలిచినా లేవకుండా నా వీపు నిమురుతూ, "నువ్వు ముందు పో బిడ్డా, నాది కాళ్ల నొప్పి, అది యాడికి పోతది" అంది. ఆమె పేరు అడగలేకపోయాను. మాట వస్తే కదా అడగడానికి.

అత్తమ్మ ఆ రోజే కట్టెల పొయ్యి ఆర్పేసింది. అన్నీ గ్యాసు మీదే. అయినా తగ్గలేదు.

*ఉగాది ముందు, పుట్టింట్లో*

గాలి మారితే తగ్గుతుందని నన్ను కొత్తకోటకు పంపించారు. సంచిలో బట్టలతో పాటు బొంత కూడా పెట్టుకున్నాను. అమ్మ సంచి విప్పి చూసి ముక్కు మీద వేలేసుకుంది.

"ఎండలు ముదురుతుంటే బొంతెందుకే? పిచ్చి లేసిందా?"

ఏం చెప్పను? దాంట్లో ఆయన వాసన ఉందని అమ్మతో చెప్తామా? మెత్తగా ఉంటుంది, తల కింద పెట్టుకుంటానన్నాను. అలాగే పెట్టుకున్నాను. మధ్యాహ్నం వేపచెట్టు నీడలో మంచం వేసుకుని, మడిచిన బొంతలో ముఖం పెట్టి పడుకునేదాన్ని. కళ్లు మూసుకుంటే చిట్యాల ఇల్లు, మెట్టు మీద కూర్చున్న ఆయన. ఇంకాసేపటికి మళ్లీ అదే ఆయాసం. పుట్టింటికి వచ్చినా ఇదేం ఖర్మ అనుకునేదాన్ని.

మహబూబ్‌నగర్ డాక్టరు మా ఇంట్లో గొర్లున్నాయని వినగానే పెన్ను తీశాడు. ఉన్ని దుమ్ము, పెంటికల దుమ్ము అన్నాడు. నాయిన ఇంటికి వచ్చి దొడ్డి తడికలన్నీ ఊడదీసి, ఊరి బయట రాళ్ల గుట్ట దగ్గర నాటుకున్నాడు. మందతో పాటే అక్కడే ఉండిపోయాడు. అమ్మ సద్ది పట్టుకుని అంత దూరం నడిచేది. నేను ఒకరోజు వెంట పోతే నాయిన దూరం నుంచే చెయ్యి అడ్డం పెట్టాడు.

"రాకు బిడ్డా. గీ గొర్ల దుమ్ములనే నువ్వు పుట్టి పెరిగినవు. గప్పుడు లేని బాధ గిప్పుడెందుకొచ్చెనో నాకు సమజైతలేదు. కానీ రాకు."

ఆ మాటలో తప్పు ఎక్కడుందో అప్పుడే పట్టుకోవాల్సింది. చిన్నప్పటి నుంచి గొర్రెపిల్లలను పక్కలో వేసుకుని పడుకున్నదాన్ని నేను. కానీ డాక్టరు చెప్పాక ఇంకేం ఆలోచిస్తాం?

ఒక ఆదివారం మా ఆయన వచ్చాడు. షిఫ్టు దిగి, ఇంటికి కూడా పోకుండా అటు నుంచి అటే బస్సెక్కాడు. వాకిట్లోకి రాగానే నేను సిగ్గూ ఎగ్గూ లేకుండా ఎదురుగా పోయి ఆయన చొక్కాలో ముఖం పెట్టాను. అన్నం వడ్డించే లోపలే కింద పడిపోయాను. అంత గట్టిగా ఎప్పుడూ రాలేదు. పెదాలు నీలమయ్యాయట. ఆటోలో కొత్తకోటకు తీసుకుపోయి ఆక్సిజన్ పెట్టించారు.

తిరిగి వచ్చేసరికి మా పెద్దమ్మ వాకిట్లోనే అందరి ముందు అనేసింది. "వారం సంది జర నయముండె పిల్లకు. ఆయన అడుగు వెట్టిండు, పాణం మీదికొచ్చె. జాతకాలు సూపియ్యకుండ జేసిరి."

మా ఆయన విన్నాడు. చెప్పులేసుకున్నాడు. అమ్మ అన్నం తినిపొమ్మని బతిమాలినా ఆగలేదు. నా మంచానికి దూరంగా, తడిక అవతల నిలబడి ఒక్క మాటన్నాడు.

"నేనొస్తేనే అయితాంది సుజాతా. నేను గూడ సూస్తున్న."

తర్వాత రావడం మానేశాడు. ఫోన్ చేస్తే "తిన్నవా" అంటాడు, "మందులు ఏసుకున్నవా" అంటాడు, అంతే. పెద్దమ్మ ఊరుకోలేదు. ఉగాది పోయాక ఇరువైపుల పెద్దమనుషులు కూర్చోవాలని అంది. కూర్చుని ఏం తేలుస్తారో నాకు తెలుసు. నన్ను ఇక్కడే ఉంచుతారు, ఆయనను విడిపిస్తారు. ఊపిరి ఆడకపోతే ఎంత భయమో, ఆ మాటకు అంతకన్నా భయమేసింది. ఆ మనిషి మెట్టు మీద కూర్చుని "మంచిగున్నది" అంటే వినాలని ఎంత కొట్టుకున్నానో! కోపంతో బొంతను గట్టిగా పట్టుకుని ఏడ్చేదాన్ని. ఏడిస్తే ఇంకా ఆయాసం. ఏడ్వడం కూడా నాకు లేకుండా పోయింది.

*హైదరాబాదు, ఎండలు మండే రోజులు*

చివరికి నాయినే తెగించాడు. పెద్దమనుషుల సంగతి తర్వాత, ముందు పట్నంలో ఛాతీ దవాఖానకు పోదామన్నాడు. గొర్లను విడిచి తాను రాలేడు కాబట్టి నన్నూ అమ్మనూ బస్సెక్కించాడు. అక్కడ ఎన్ని రోజులుండాల్సి వస్తుందోనని అమ్మ సంచిలో గిన్నెలు, చెంబు, కింద పరుచుకోవడానికి నా బొంత పెట్టింది.

ఆ హాలు మీరు చూడాలి. దగ్గుల్లో ఎన్ని రకాలుంటాయో అక్కడ తెలుస్తుంది. ఫ్యాన్ల కింద జాగా కోసం మనుషులు కొట్టుకుంటారు, కాసేపటికి తామే లేచి ఇంకొకరిని కూర్చోబెడతారు. మేము గోడ పక్కన కూర్చున్నాం. తల ఎత్తి చూస్తే హాలుకు ఆ చివర, తలుపు దగ్గర మా ఆయన నిలబడి ఉన్నాడు. నాయిన ఫోన్ చేసి చెప్పాడట. దగ్గరికి రాలేదు. రమ్మని చెయ్యి ఊపితే తల అడ్డంగా ఊపాడు. చిక్కిపోయాడు, గడ్డం పెరిగింది. చేతిలో నాకోసం తెచ్చిన కొబ్బరిబొండం. దాన్ని ఒక వార్డు ఆయమ్మ చేతికిచ్చి పంపించాడు. ఆమె నాకిస్తూ, "ఎవరమ్మా గాయన? గింత దూరం తెచ్చినోడు గా నాలుగడుగులు రాలేడా?" అని నవ్వింది.

"మా ఆయన" అన్నాను. నాకు నవ్వు రాలేదు. తలుపు దగ్గర నిలబడ్డ మనిషిని చూస్తూ ఆ నీళ్లు తాగాను.

డాక్టరమ్మ నడివయసు మనిషి. పాత కాగితాలన్నీ పక్కకు పెట్టి, ఇంట్లో ఎవరెవరు ఏమేం పని చేస్తారని అడిగింది. అప్పటిదాకా అందరూ నా పొయ్యి గురించి అడిగారు, మా గొర్ల గురించి అడిగారు, మా ఆయన పని గురించి ఎవరూ అడగలేదు. చెప్పాను. ఆయనను లోపలికి పిలవమంది. ఆయన గది గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"పని బట్టలతోనే ఇంటికి వస్తారా?"

"గవే మేడం. స్నానం ఇంటికొచ్చినంక జేస్త."

"ఆ పొడి తగిలిన వస్తువులు ఇంకేమైనా ఇంట్లో ఉన్నాయా?"

ఆయన కాస్త సిగ్గుపడుతూ గుడ్డ సంగతి చెప్పాడు. వడియాలు, గలీబులు, బొంత. బొంత అనగానే అమ్మ మంచి ఉషారుగా సంచిలోంచి తీసి, "గిదే మేడం, మా వియ్యపురాలు కుట్టింది, మస్తు మెత్తగుంటది" అని బల్ల మీద పరచబోయింది.

డాక్టరమ్మ కుర్చీలోంచి లేచింది. "వద్దమ్మా, విప్పకండి! ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టండి. ముందు ఆ పని చేయండి."

తర్వాత నెమ్మదిగా చెప్పింది. కొందరి ఒంటికి కొన్ని మందులు పడవు. మింగక్కర్లేదు, పొడి ఊపిరితో లోపలికి పోయినా చాలు. ఎన్నిసార్లు ఉతికినా పొరల మధ్య కొంత ఉండిపోతుంది. ఆయనకు ఏమీ కాకపోవచ్చు. నా ఒళ్లు మాత్రం దాన్ని పట్టుకుంది, ఇకమీదట రవ్వంత తగిలినా ఊరుకోదు.

గుమ్మం దగ్గర నుంచి ఆయన అడిగాడు. "అంటే నేను దగ్గరికి రావొద్దా మేడం?"

"మీరు రావచ్చు. ఆ పొడి రాకూడదు."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకు మాత్రం పట్టలేనంత సంతోషమేసింది. రోగం ఏమిటో తెలిసినందుకు కాదు, ఆయన కాదని తెలిసినందుకు. పెద్దమ్మ ఎదురుగా ఉంటే అక్కడే కడిగేసేదాన్ని.

*వానాకాలం*

అయితే పొడిని, మనిషిని విడదీయడం అంత తేలిక కాదు. నేను చిట్యాలకు తిరిగి వచ్చేలోపు ఆయనా అత్తమ్మా ఇల్లంతా తడిగుడ్డతో తుడిచారు, మెత్తలు మార్చారు, పరదాలు దించారు. గుడ్డలన్నీ సంచుల్లో కట్టి, బొంతతో సహా, కంపెనీలో పొడి చెత్త వేసే డ్రమ్ములోనే ఆయన పడేసి వచ్చాడు. కాల్చొద్దని డాక్టరమ్మ చెప్పింది, పొగ కూడా మంచిది కాదట.

నన్ను చూడగానే అత్తమ్మ కాళ్లు చాపుకుని కూలబడింది. "నా సేతులతోటే కుట్టిన గదనే. నీ మీద గప్పిన గదనే పిల్లా!"

"గుడ్డ మీద రాసి ఉన్నదా అత్తమ్మా? ఎవరన్న జెప్పిండ్రా? నువ్వు ఏడిస్తే నేను గూడ ఏడుస్త, నాకు మళ్ల ఆయాసం లేస్తది" అన్నాను. ఆ బెదిరింపు బాగా పనిచేసింది.

వాడకట్టులో చెప్పడానికి పోతే కొందరు గుడ్డ తీసేశారు. కొందరు "మా ఇంట్ల అందరు మంచిగనే ఉన్నరు, నీ ఒళ్లే నాజూకుది" అన్నారు. ఒకామె మాత్రం చాటుగా వచ్చి, తన మొగుడికి ఏడాదిగా తెల్లారితే తుమ్ములేనని చెప్పింది.

మా ఆయన కంపెనీలోనే స్నానం చేసి బట్టలు మార్చుకుని రావడం మొదలుపెట్టాడు. ఇంటికి వచ్చి వెనక రేకుల మరుగులో తలమీద నుంచి మళ్లీ స్నానం. అప్పుడు కూడా అరుగు మీదే పడక, నేను లోపల. కిటికీ ఊచల మధ్య నుంచి మాట్లాడుకునేవాళ్లం. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాడు, చాపాలంటే భయం. కొత్తకోటలో ఉన్నప్పటి కంటే అదే ఎక్కువ బాధ. కొన్నిరోజులు బాగుండేది, మళ్లీ ఒకరోజు ఛాతీ పట్టేసేది. వెంట్రుకల్లో ఉందో, గోళ్లల్లో ఉందో, చెప్పుల్లో ఉందో!

పొడి తగలని వేరే పనిలోకి మార్చమని ఆయన అడిగాడు. సూపర్‌వైజరు నవ్వాడట. "మీ ఆవిడ మా కంపెనీల పనిజేస్తదా?" అన్నాడట.

ఆ సాయంత్రం ఆయన కిటికీ అవతల కూర్చుని చెప్పాడు. "బంద్ జేస్త సుజాతా."

నేను ఒప్పుకోలేదు. పర్మనెంటు చేతికందే సమయం. ఆ ఒక్క మాట కోసం అన్నేళ్లు రాత్రీ పగలూ షిఫ్టులు చేశాడు. నేను పుట్టింట్లోనే ఉంటాను, నువ్వు నెలకోసారి స్నానం చేసి రా అన్నాను. వద్దు వద్దంటూనే, ఎక్కడ ఒప్పుకుంటాడోనని లోపల వణికిపోయాను. ఎప్పటిలాగే అంతా విన్నాడు.

"పని యాడనన్న దొరుకుతది" అన్నాడు. లేచి గడప దగ్గరికి పోయి, తన కంపెనీ కార్డు అత్తమ్మ చేతికిచ్చాడు. మరునాడు షిఫ్టుకు పోలేదు.

*ఇప్పుడు*

నార్కట్‌పల్లిలో ఒకరి ట్రాలీ ఆటో కిరాయికి తీసుకుని నడుపుతున్నాడు. బత్తాయి తోటల నుంచి కాయ ఎత్తుకొచ్చి లారీలకు ఎక్కిస్తాడు. పర్మనెంటు ఏమీ లేదు. కాయ లేని నెలల్లో పని వెతుక్కోవాలి. నాయినకు ఈ సంగతి చెప్పినప్పుడు "పిల్లలిద్దరు ఒక్క జాగల ఉన్నరు గదా" అన్నాడు. గొర్ల దొడ్డి మళ్లీ ఇంటి పక్కకే తెచ్చుకున్నాడు.

బస్సులో పోతున్నప్పుడు ఆ కంపెనీ దగ్గర గాలి అటు నుంచి వీస్తే ఆ చేదు వాసన ఇప్పటికీ వస్తుంది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటాను. ఛాతీ బిగుసుకుంటుంది. దానితో పాటే ఆ మొదటి చలికాలం మీద మనసు పీకుతుంది. ఇంత బాధపెట్టిన వాసన మీద ప్రేమేమిటని మీరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి.

ఆయన పని మానేసిన కొన్నాళ్లకు, ఒక సాయంత్రం ఆటో ఆపి ఇంట్లోకి వచ్చాడు. చొక్కా చెమటకు అంటుకుపోయింది, జుట్టు నిండా తోట దుమ్ము, చేతులకు బత్తాయి ఆకుల పసరు. అలవాటు ప్రకారం నావైపు చూడకుండా, నాకు ఆమడ దూరంగా జరిగి, వెనక రేకుల మరుగు వైపు పోతున్నాడు. నేను మెట్టు మీద కూర్చుని పప్పులో రాళ్లు ఏరుతున్నాను.

"యాడికి?" అన్నాను.

"స్నానానికి."

"తర్వాత జేద్దువు. ఇట్ల రా, జర సేపు కూసో."

ఆగిపోయాడు. "ఒళ్లంత చెమట. దుమ్మున్నది."

"ఉండనియ్."

"ఏం గాదా?"

"ఏం గాదు. రా."

ఒక్కో అడుగూ వేస్తూ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఊపిరి బిగబట్టుకుని నా ముఖంలోకే చూస్తున్నాడు. నేను ఆయన భుజం మీద ముఖం పెట్టి, ఎంత పడితే అంత లోపలికి పీల్చాను. చెమట, దుమ్ము, పచ్చి ఆకు. మళ్లీ పీల్చాను. బయటికి వదిలాను. ఎక్కడా ఆగలేదు. ఆయన భుజం మాత్రం కదులుతోంది, ఏడుస్తున్నాడని కాసేపటికి గాని తెలియలేదు.

లోపల నుంచి అత్తమ్మ కేకేసింది. "వాడు స్నానం జేసిండా పిల్లా?"

"జేస్తడు తియ్ అత్తమ్మా" అన్నాను. పట్టుకున్న ఆయన చెయ్యి మాత్రం వదల్లేదు.